ప్రాచీన రోమన్ ఇంటి సామాను, అలంకారం: తరచుగా అడిగే ప్రశ్నలు

రోమన్ల మంచాలు, బల్లలు, దీపాలు, గోడల మీది బొమ్మలు, నేల మీది మొజాయిక్‌ల గురించి ఎక్కువ మంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. చాలా వరకు క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి క్రీ.శ. 79 దాకా, ఇటలీలోని నేపుల్స్ అఖాతం చుట్టుపక్కల ఊళ్ళ సంగతులే. ఎందుకో మొదటి జవాబులోనే తెలుస్తుంది. ముందుగా ఒక మాట: రోమన్ ఇంట్లో సామాను తక్కువ, కానీ డబ్బున్నవాళ్ళ ఇంట్లో ఏ వస్తువూ ఊరికే పడి ఉండదు. ఎవరో ఒకరు చూడాలనే దాన్ని అక్కడ పెట్టారు. ఇది గుర్తుంచుకుంటే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

రెండు వేల ఏళ్ళ నాటి చెక్క సామాను ఇప్పటిదాకా ఎలా మిగిలింది?

మామూలుగా అయితే మిగలదు. చెక్క కుళ్ళిపోతుంది, చెదలు తింటాయి, చలికాలం పొయ్యిలోకి పోతుంది. సామ్రాజ్యం ఎంత పెద్దదైనా రోమన్ చెక్క మంచాలు, అల్మారాలు దాదాపు అన్నీ ఇలాగే మాయమయ్యాయి. మనకు దొరికినవి ఎక్కువగా క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలవడం వల్ల మిగిలినవే.

ఆ పర్వతం రెండు ఊళ్ళను రెండు రకాలుగా పూడ్చింది. పాంపేయి మీద ముందు తేలికపాటి నురగరాళ్ళు, బూడిద వాన కురిసినట్టు గంటల తరబడి పడ్డాయి. వాటి కింద చెక్క నెమ్మదిగా కుళ్ళిపోయి, అది ఉన్న చోట ఖాళీ గుల్ల మిగిలింది. హెర్క్యులేనియం మీదికి మాత్రం మండుతున్న వాయువు, బూడిద కలిసిన ప్రవాహాలు దూసుకొచ్చి ఊరిని 20 మీటర్ల దాకా కప్పేశాయి. గాలి అందకపోవడంతో అక్కడి చెక్క కాలి బూడిద కాకుండా బొగ్గుగా మారింది. బొగ్గును చెదలు తినవు. అందుకే హెర్క్యులేనియంలో మంచాలు, బల్లలు, అల్మారాలు, చెక్కతో చేసిన దేవుడి గూడు, చివరికి ఒక ఊయలతొట్టి కూడా నల్లగా మాడి, ఆకారం చెడకుండా దొరికాయి. ఆ తొట్టి కాళ్ళ కింద వంపు తిరిగిన పట్టీలు ఉన్నాయి, ఊపితే ఊగేలా. అందులో పసిబిడ్డ ఎముకలు కూడా ఉన్నాయి. రోమన్ సామాను గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ తొట్టే.

పాంపేయిలో మిగిలిన గుల్లలను కూడా ఊరికే వదల్లేదు. 1863లో జుజెప్పె ఫియొరెల్లి అనే పురావస్తు అధికారి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక చుట్టూ ఉన్న బూడిద తొలగించే పద్ధతి మొదలుపెట్టాడు. దానితో చనిపోయిన మనుషుల ఆకారాలు బయటపడ్డాయని అందరికీ తెలుసు. తలుపులు, మంచాలు, పెట్టెలు కూడా అలాగే బయటపడ్డాయి. ఈ పని ఇప్పటికీ నడుస్తోంది. 2022లో పాంపేయిలోని ఒక మధ్యతరగతి ఇంట్లో మంచం, పెట్టె, మూడుకాళ్ళ బల్ల, అల్మారా అచ్చులు ఇలాగే తీశారు.

రోమన్ ఇంట్లోకి అడుగుపెడితే ముందుగా ఏం కనిపించేది?

కలవాళ్ళ ఇల్లు అయితే ఏట్రియం. మన మండువా లోగిలి చూసినవారికి దీన్ని వర్ణించే పని లేదు: నడుమ పైకప్పు తెరిచి ఉంటుంది, వాన నీరు కింద తొట్టిలో పడుతుంది, చుట్టూ గదులు. పొద్దున్నే సాయం కోరి వచ్చేవాళ్ళు, అప్పు అడిగేవాళ్ళు, యజమాని అండలో బతికేవాళ్ళు అందరూ ఇక్కడే నిలబడి ఎదురుచూసేవారు. కాబట్టి వాళ్ళ కళ్ళకు ఏం ఆనాలో అదే ఇక్కడ ఉండేది.

నీటి తొట్టి పక్కన పాలరాతి బల్ల. దాని మీద కంచు పాత్రలు పెట్టేవారని, తన చిన్నప్పుడు అలాంటి బల్లలు చూశానని వర్రో అనే పండితుడు రాశాడు. గోడ పక్కన ఇనుప రేకులు, కంచు బొడిపెలు కొట్టిన భోషాణం. డబ్బు, వెండి అందులోనే. పాంపేయిలో వెట్టీల ఇంట్లో ఇలాంటివి రెండు ఉండేవి, కదలకుండా నేలలోకి బిగించి. ఆ ఇంటి వాళ్ళు బానిసత్వం నుంచి విడుదలై వ్యాపారంలో సంపాదించినవాళ్ళని పండితుల అంచనా. భోషాణాన్ని లోపలి గదిలో దాచకుండా గుమ్మం ఎదురుగా పెట్టడంలో వాళ్ళ గర్వం తెలుస్తుంది. పాత కులీన వంశాల వాళ్ళైతే పూర్వీకుల ముఖాలను మైనంతో అచ్చు తీసి, చిన్న అల్మారాల్లో పెట్టి ఏట్రియంలో వరసగా ఉంచేవారు. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ముఖాలను ఊరేగింపులో తీసుకెళ్ళేవారు.

పాంపేయిలో ఒక ఇంటి ఏట్రియంలో సింహం తలలు, పంజాలు చెక్కిన పాలరాతి బల్లకాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద పబ్లియస్ కాస్కా లాంగస్ అని పేరు ఉంది. జూలియస్ సీజర్‌ను పొడిచి చంపిన కుట్రదారుల్లో కాస్కా ఒకడు. ఆ తర్వాత అతని ఆస్తి జప్తయి వేలానికి వచ్చినప్పుడు ఎవరో ఈ బల్ల కొని పాంపేయి తెచ్చుకున్నారని భావిస్తారు. వందేళ్ళకు పైగా తర్వాత కూడా ఆ పేరు చెరిపేయకుండా ఇంటికొచ్చినవారి ఎదుటే ఉంచారు.

అంత పెద్ద ఇళ్ళలో సామాను అంత తక్కువా?

మన లెక్కలో చాలా తక్కువే. సోఫా సెట్, డైనింగ్ టేబుల్ లాగా ఒక గదికి ఒక పని అని కట్టేసే అలవాటు వాళ్ళకు అంతగా లేదు. తేలికైన బల్లలు, స్టూళ్ళు, కుంపట్లు ఎక్కడ కావాలంటే అక్కడికి బానిసలు మోసుకెళ్ళేవారు. ఎండాకాలం భోజనం తోటలో, చలికాలం లోపలి గదిలో. గది ఖాళీగా ఉన్న లోటును గోడలు, నేల పూడ్చేవి. హెర్క్యులేనియంలో ఒక ఇంట్లో ఏట్రియానికీ యజమాని కూర్చునే గదికీ మధ్య చెక్క తలుపుల అడ్డుతెర దొరికింది. దానికి దీపాలు తగిలించే కంచు కొక్కేలు కూడా ఉన్నాయి. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరికి ఎంత కనబడాలో ఆ తలుపులే తేల్చేవి.

నిజంగా పడుకునే తినేవారా?

విందుల్లో అవును, అదీ స్థోమత ఉన్నవాళ్ళు. రోజూ పొద్దున, మధ్యాహ్నం తినేది కూర్చునో నిలబడో తినేవారు. సాయంత్రం అతిథులను పిలిచి పెట్టే విందుకు మాత్రం మూడు పడకలు మూడు వైపులా వేసి, నాలుగో వైపు వడ్డించేవాళ్ళకు వదిలేవారు. ఒక్కో పడక మీద ముగ్గురు, మొత్తం తొమ్మిది మంది. ఎడమ మోచేతి మీద ఒరిగి, కుడిచేత్తో తినడం. మధ్యలో చిన్న బల్ల.

ఎవరు ఎక్కడ పడుకోవాలో గట్టి లెక్క ఉండేది. గౌరవ అతిథికి నడిమి పడక మీద ఒక చివరి చోటు, దాని పక్కనే తర్వాతి పడక మొదట్లో ఇంటి యజమాని. పాత రోజుల్లో ఆడవాళ్ళు భర్త పక్కన కుర్చీలో కూర్చునేవారని, తర్వాత వాళ్ళూ పడకల మీదికి వచ్చారని రోమన్ రచయితలే చెబుతారు. పిల్లలు కూర్చునే తినేవారు.

పాంపేయిలో ఒక ఇంటి భోజనశాల గోడ మీద అతిథులకు నియమాలు రాసి ఉన్నాయి. కాళ్ళు కడిగించుకోండి, పడక మీది గుడ్డ పాడుచేయకండి, పరాయి భార్యల వంక కన్నేయకండి, గొడవలు పడాలనుకుంటే మీ ఇంటికి వెళ్ళి పడండి. ఈ మూడు పడకలు తోటలో కూడా ఉండేవి. ఆరుబయట కాబట్టి వాటిని రాతితో కట్టి పైన పరుపులు వేసేవారు. పాంపేయిలో అలాంటివి చాలా మిగిలాయి. ముందు వైపు ఎత్తుగా, వెనక్కి వాలుగా కట్టారు, ఒరిగినప్పుడు చెయ్యి బల్లకు అందేలా.

మంచం ఎలా చేసేవారు?

చెక్క చట్రం, తరిమెన పట్టిన కాళ్ళు, అడుగున తోలు పట్టీలో తాళ్ళో అల్లిక. దాని మీద పరుపు. కలవాళ్ళకు ఉన్ని, పక్షి ఈకలు కూరినది, లేనివాళ్ళకు గడ్డి కూరినది. చట్రం పక్కలను బెజ్జం కొట్టి, కుసి దూర్చి, జిగురుతో బిగించేవారు.

అసలు ఖర్చంతా తల వైపు ఉండేది. అక్కడ ఎస్ ఆకారంలో వంపు తిరిగిన ఆధారం ఉంటుంది. దాని పై కొసన కంచుతో పోతపోసిన కంచరగాడిద తల, కింది కొసన బాకస్ దేవుడి గణంలోని ఎవరో ఒకరి ముఖం. మద్యం దేవుడైన బాకస్ విందుకు అధిపతి కదా, ఆయన పరివారాన్నే మంచానికి ఎక్కించారు. చాలా ఇళ్ళలో చెక్క పోయి ఈ కంచు తలలు మాత్రమే మిగిలాయి. దగ్గరగా చూస్తే గాడిద మెడ చుట్టూ ద్రాక్ష తీగ, కళ్ళలో వెండి పొదిగిన జాడ కనబడేవి కూడా వాటిలో ఉన్నాయి.

1907లో ట్యునీషియా తీరంలో మహ్దియా దగ్గర సముద్రం అడుగున క్రీ.పూ. 1వ శతాబ్దం నాటి సరకు ఓడ దొరికింది. అందులో పాలరాతి స్తంభాలు, విగ్రహాలతో పాటు ఇలాంటి మంచాల కంచు భాగాలు ఉన్నాయి. అంటే మంచాలకు అంతర్జాతీయ మార్కెట్ ఉండేది. భాగాలు ఒకచోట పోతపోసి, ఇంకోచోట చెక్కకు బిగించేవారు.

కంచు బదులు ఎముకను చెక్కి తాపడం చేసినవీ ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక మంచం, దాని ముందు పీట ఉన్నాయి, ఎముక చెక్కుడు, రంగు గాజు పొదుగుతో. చిన్న చిన్న ముక్కలు పేర్చి తిరిగి కట్టినవి అవి.

కుర్చీలు వాడేవారు కాదా?

వాడేవారు. అయితే ఏ కుర్చీ ఎవరిదో చూడగానే తెలిసిపోయేది. మామూలు వాళ్ళకు వీపు లేని స్టూల్, బెంచీ. ఆడవాళ్ళు, పాఠం చెప్పే గురువులు కూర్చునే కుర్చీకి వీపు వెనక్కి వాలి ఉండేది. గాల్ (నేటి ఫ్రాన్స్ వైపు), రైన్ నది ప్రాంతాల సమాధి రాళ్ళ మీద సన్నని కొమ్మలతో గుండ్రంగా అల్లిన కుర్చీలు కనబడతాయి. చెక్కినవాడు అల్లికలో ప్రతి వరసా వదలకుండా చెక్కాడు. పెద్ద అధికారులకు దంతం తాపిన మడత ఆసనం. ఊరికి మేలు చేసినవారికి ఇద్దరు పట్టేంత వెడల్పున్న ఆసనం ఇచ్చి, దాని మీద ఒక్కరినే కూర్చోబెట్టేవారు. పాంపేయిలో కాల్వెంటియస్ క్వియేటస్ అనే ఆయనకు ఈ గౌరవం దక్కింది. ఆయన సమాధి మీద మనిషి బొమ్మకు బదులు ఆ ఖాళీ ఆసనాన్నే చెక్కించారు.

ఒక్క బల్లకు అయిదు లక్షలు పెట్టారన్నది నిజమా?

నిజమేనని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. వక్త, రాజకీయ నాయకుడు సిసెరో ఒక బల్లకు రోమన్ నాణేల్లో 5,00,000 సెస్టెర్స్‌లు ఇచ్చాడు. ఆ బల్ల తన రోజుల్లో కూడా ఉందని ప్లినీ అంటాడు. పది లక్షలు, పదమూడు లక్షలు పలికినవి కూడా ఉన్నాయట. తొలి రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలంలో మామూలు సైనికుడి ఏడాది జీతం 900 సెస్టెర్స్‌లు. సిసెరో బల్ల ఖరీదు సంపాదించాలంటే ఆ సైనికుడు అయిదు వందల యాభై ఏళ్ళకు పైగా పనిచేయాలి.

ఏముంది ఆ బల్లలో? ఉత్తర ఆఫ్రికాలో అట్లస్ కొండల్లో పెరిగే ఒక రకం సైప్రస్ జాతి చెట్టు. దాని వేరు దగ్గర ఉబ్బి పెరిగిన బొడిపెను అడ్డంగా కోస్తే చెక్కలో రకరకాల వలయాలు కనబడతాయి. పొడుగు చారలుంటే పులి బల్ల, సుడులు తిరిగితే చిరుత బల్ల. నెమలి పింఛం కన్నుల్లాంటి మచ్చలుంటే దాని విలువే వేరు. ఒకే ముక్కతో అంత వెడల్పు రావడం అరుదు, ధర అందుకే. ముత్యాల మీద ఎందుకింత తగలేస్తావని మొగుడు అంటే, మరి నీ బల్లల మాటేమిటని పెళ్ళాం ఎదురు అడిగేదని ప్లినీ చెబుతాడు. నిరాడంబరత గురించి బోధించిన తత్వవేత్త సెనెకా దగ్గర దంతపు కాళ్ళున్న ఇలాంటి బల్లలు 500 ఉన్నాయని ఆయన విరోధులు అన్న మాటను డియో చరిత్రలో రాశాడు.

ఈ వెర్రి ఎప్పుడు మొదలైందో కూడా రోమన్లు లెక్క చెప్పారు. క్రీ.పూ. 187లో మాన్లియస్ వుల్సో సైన్యం ఆసియా మైనర్ నుంచి గెలిచి వస్తూ కంచు మంచాలు, ఒంటికాలి బల్లలు, ఖరీదైన తెరలు మొదటిసారి రోమ్‌కు తెచ్చిందని చరిత్రకారుడు లివీ రాశాడు. విలాసం ఆ ఒక్క రోజున ఊళ్ళోకి దిగిందని నేను నమ్మను. తమ సుఖాలన్నీ తూర్పు నుంచి వచ్చిన తెగులేనని చెప్పుకోవడం రోమన్ పెద్దలకు ఇష్టం.

ఇక చాలా ఇళ్ళలో ఉన్నది గుండ్రటి మూడుకాళ్ళ చిన్న బల్ల. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడుకాళ్ళది కదలదు.

బట్టలు, గిన్నెలు ఎక్కడ పెట్టేవారు?

పెట్టెల్లో, అల్మారాల్లో. హెర్క్యులేనియంలో దొరికిన ఒక అల్మారా పై భాగం చిన్న గుడి ఆకారంలో ఉంది, స్తంభాలతో సహా. అందులో ఇంటి దేవతలు, కింది అరల్లో ఇంటి వస్తువులు.

తవ్వకాల్లో వేళ్ళంత పొడవు ఎముక గొట్టాలు, పక్కన ఒకటో రెండో రంధ్రాలతో, కుప్పలుగా దొరుకుతుంటాయి. పూర్వం వాటిని పిల్లనగ్రోవి ముక్కలనుకున్నారు. అవి అల్మారా తలుపుల మడతబందులు. పశువుల కాలి ఎముకను కోసి, లోపల చెక్క కడ్డీ దూర్చి, పక్క రంధ్రంలో మేకు కొట్టి, కొన్ని తలుపుకు, కొన్ని చట్రానికి ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. కాబట్టి చెక్క అంతా పోయినా, వరసగా పడి ఉన్న ఎముక గొట్టాలను బట్టి అక్కడ అల్మారా ఉండేదని, దాని తలుపు ఎంత ఎత్తో చెప్పగలరు.

గది మొత్తం చూడాలంటే నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియంలో ఒక శవపేటిక ఉంది. 1930లో సింపెల్‌వెల్డ్ దగ్గర దొరికింది. బయట ఏమీ లేదు, లోపలి గోడల నిండా చెక్కుడు పనే: పడక మీద ఒరిగిన ఆవిడ, అల్లిన కుర్చీ, బల్ల, అల్మారాలు, అరల్లో సీసాలు, పాత్రలు. చనిపోయిన మనిషికి మాత్రమే కనబడేలా ఆవిడ ఇంటిని చెక్కిపెట్టారు.

రాత్రి వెలుతురు, చలికి వేడి ఎలా?

ఆలివ్ నూనె దీపాలు. మట్టివి చవక, కంచువి ఖరీదు. దీపపు సెమ్మెలు మనిషి ఎత్తున, కింద సింహం పాదాలతో ఉండేవి. వేడికి కంచు కుంపట్లు. పొగ మాత్రం తప్పేది కాదు. అందుకే చలికాలపు భోజనశాలలో మంచి బొమ్మలు వేయించడం దండగ, నల్లరంగు పూయించండి అని వాస్తుశిల్పి విట్రూవియస్ సలహా ఇచ్చాడు. 2024లో పాంపేయిలో బయటపడ్డ పెద్ద విందుశాల గోడలు సరిగ్గా అలాగే నల్లగా ఉన్నాయి. ఆ నలుపు మీద గ్రీకు పురాణాల్లోని హెలెన్, పారిస్ కలుసుకునే దృశ్యం, కసాండ్రా, అపోలో బొమ్మలు. దీపాల వెలుగు ఆడుతుంటే, రెండు గుక్కలు తాగినవాళ్ళకు ఆ బొమ్మలు కదిలినట్టే ఉండేవేమో.

గోడల మీద అన్నన్ని బొమ్మలు ఎందుకు?

గదులకు కిటికీలు తక్కువ, ఉన్నా చిన్నవి, ఎత్తులో. గోడ మీద వేసిన బొమ్మే కిటికీ అయ్యేది. జర్మన్ పండితుడు ఆగస్ట్ మావ్ 1882లో ఈ చిత్రాలను నాలుగు శైలులుగా విడదీశాడు. ఇప్పటికీ అదే విభజన వాడుకలో ఉంది.

మొదటిది గారతో రంగురాళ్ళ గోడను అనుకరించడం. నిజమైన పాలరాయి కొనలేనివారికీ ఆ వైభవం దక్కేది. రెండోది క్రీ.పూ. 80 ప్రాంతంలో వచ్చింది. గోడ ఉందన్న సంగతే మరిపించే శైలి ఇది: స్తంభాలు, వాటి వెనక వీధులు, మేడలు, గుడులు, దూరంగా ఆకాశం. పాంపేయి దగ్గరి బొస్కోరియాలెలోని ఒక పల్లె బంగళా పడకగదిని గోడలతో సహా తీసుకెళ్ళి న్యూయార్క్ మెట్‌లో నిలబెట్టారు. లోపల నిలబడి చూస్తే ఊరి నడిబొడ్డున ఉన్నట్టుంటుంది. మూడోది ఆగస్టస్ కాలం నాటిది. నునుపైన ఒకే రంగు గోడ, గడ్డిపరకంత సన్నని స్తంభాలు, నడుమ చిన్న బొమ్మ. ఇది విట్రూవియస్‌కు అసలు నచ్చలేదు. రెల్లుపుల్లల మీద కప్పు నిలుస్తుందా, తీగ చివర మనిషి కూర్చుంటాడా అని కోప్పడ్డాడు. నాలుగోది ఈ మూడింటినీ కలిపేసింది. వెట్టీల ఇల్లు దానికి మంచి ఉదాహరణ. ఇరవై ఏళ్ళ మరమ్మతుల తర్వాత 2023లో మళ్ళీ పూర్తిగా తెరిచారు. ఆ ఇంట్లో పెద్ద గది గోడ కింది భాగంలో రెక్కల మన్మథులు నగలు చేస్తుంటారు, అత్తరు తీస్తుంటారు, బట్టలు చలవ చేస్తుంటారు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది శైలి లెక్కలకు పెద్దగా అందనిది. ఆగస్టస్ భార్య లివియా బంగళాలో నేలలో సగం దిగిన గది, నాలుగు గోడలూ తోటే. దానిమ్మలు, పళ్ళు తింటున్న పిట్టలు, ముందు పొట్టి కంచె. రోమ్‌లోని పలాజో మాస్సిమో మ్యూజియంలో ఉంది.

ఆ రంగులు ఇంతకాలం ఎలా నిలిచాయి?

సున్నం వల్ల. గార తడిగా ఉన్నప్పుడే నీళ్ళలో కలిపిన రంగు పూస్తే, సున్నం ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి రాయిలా గట్టిపడి రంగును పట్టేసుకుంటుంది. ఇసుక సున్నం మూడు పూతలు, ఆపైన పాలరాతి పొడి కలిపినవి మూడు పూతలు వేయాలని విట్రూవియస్ చెప్పాడు. చాలా ఇళ్ళలో అన్ని పూతలు వేయలేదు, ఖర్చు తగ్గించుకున్నారు. పని ఎప్పుడూ గోడ పైనుంచి కిందికి నడిచేది, తడి గార ఆరేలోగా పూర్తిచేయగలిగినంత మేర. గోడను పక్కనుంచి వెలుతురు పడేలా చూస్తే ఒక రోజు పని ఎక్కడ ఆగి మర్నాడు ఎక్కడ మొదలైందో ఆ అతుకు కనబడుతుంది.

ఎరుపు, పసుపు ఎక్కువగా మట్టి రంగులే. నీలం మాత్రం రాగి, ఇసుక, సున్నం కాల్చి తయారుచేసిన ఈజిప్షియన్ బ్లూ. అన్నిటికన్నా ఖరీదు ఇంగిలీకం అనే ఎర్ర రంగు, స్పెయిన్ గనుల నుంచి వచ్చేది. ఫాబెరియస్ అనే గుమాస్తా అవెంటీన్ కొండ మీది తన ఇంటి తోట చుట్టూ వసారా గోడలకు ఇంగిలీకం పూయించాడు. ఎండ తగిలి 30 రోజుల్లో మచ్చలు మచ్చలుగా పాడైపోతే అంతా గీకించి వేరే రంగు వేయించాల్సి వచ్చింది. ఇంగిలీకం పూశాక మైనం, నూనె కలిపి రాసి, నిప్పు చూపి కరిగించి రుద్దాలని విట్రూవియస్ చెప్పిన ఉపాయం ఇందుకే. పాంపేయిలో కనిపించే ఎరుపులో కొంత భాగం అసలు పసుపేనని, అగ్నిపర్వతం వేడికి ఎర్రబడిందని ఇటలీ పరిశోధకులు తేల్చారు.

నేల మీద మొజాయిక్ అందరి ఇళ్ళలోనూ ఉండేదా?

లేదు. చాలా చోట్ల సున్నంలో పెంకులు దంచి కలిపిన గచ్చే. మొజాయిక్‌లో కూడా నలుపు తెలుపు రాతి ముక్కలతో వేసింది మామూలు రకం. బొమ్మలున్నది గది నడుమ ఒక చదరంలో. ఆ చదరాన్ని వర్క్‌షాప్‌లోనే పళ్ళెంలో పేర్చి తెచ్చి అమర్చేవారు.

పాంపేయిలో ఫాన్ ఇల్లు అని పిలిచే ఇంట్లో 1831లో దొరికిన అలెగ్జాండర్ మొజాయిక్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అలెగ్జాండర్‌తో యుద్ధంలో పారశీక రాజు డేరియస్ రథం వెనక్కి తిరుగుతోంది, రాజు మాత్రం తనను కాపాడబోయి ఈటె పోటు తిన్న మనిషి వైపు చెయ్యి చాచాడు. కిందపడ్డ ఒక పారశీక సైనికుడి ముఖం మెరిసే డాలులో ప్రతిబింబించింది. ఇంత పనిని కొన్ని మిల్లీమీటర్ల రాతి ముక్కలతో చేశారు, అవి పది లక్షలకు పైనే. పోయిన ఒక గ్రీకు చిత్రానికి ఇది నకలని పండితులు అంటారు.

ఆసియా మైనర్‌లోని పెర్గమమ్‌కు చెందిన సోసస్ అనే కళాకారుడు మొదలుపెట్టిన ఇంకో రకం ఉంది: ఊడ్వని నేల. చేప ముళ్ళు, ద్రాక్ష కాడలు, పీత కాళ్ళు, గుల్లలు విందు ముగిశాక కింద పడి ఉన్నట్టే, వాటి నీడలతో సహా. వాటికన్ మ్యూజియంలో ఉన్న నకలులో ఒక ఎలుక అక్రోటుకాయ కొరుకుతోంది.

పేదవాళ్ళ ఇళ్ళలో, బానిసల గదుల్లో ఏం ఉండేది?

ఇప్పటిదాకా చెప్పిందంతా కొద్దిమంది సంగతి. రోమ్ నగరంలో ఎక్కువ మంది అంతస్తుల మేడల్లో అద్దె గదుల్లో ఉండేవారు. అద్దె గడువు జూలై 1తో తీరేది, ఆ రోజు సామాను వీధిలోకి వచ్చేది. మార్షియల్ అనే కవి అలా రోడ్డున పడ్డ ఒకడి ఆస్తి లెక్కపెట్టాడు: మూడు కాళ్ళే మిగిలిన మంచం, రెండు కాళ్ళ బల్ల, ఒక దీపం, ఒక గిన్నె, పగిలి కారుతున్న మూత్రపు కుండ. కవి వాడిని వెక్కిరించాడు. నాకు ఆ వెక్కిరింత నచ్చదు, కానీ ఆ జాబితా ఆయన రాయకపోతే మనకు తెలిసేది కాదు.

బానిసల గురించి 2021లో పెద్ద ఆధారం దొరికింది. పాంపేయి బయట చివితా జులియానా దగ్గర ఒక బంగళాలో 16 చదరపు మీటర్ల గది. ప్లాస్టర్ పోస్తే మూడు మంచాలు తేలాయి. రెండు 1.70 మీటర్లు, ఒకటి 1.40 మీటర్లే. అందులో పడుకున్నది పిల్లవాడో పిల్లో కావచ్చు. చిత్రిక పట్టని పలకలు, తాళ్ళ అల్లిక, పైన దుప్పటి. తాళ్ళ గుర్తులు ప్లాస్టర్‌లో ఇంకా కనబడతాయి. మంచాల కింద కుండలు, మూలన ఎనిమిది పెద్ద జాడీలు, గుర్రపు సామాను పెట్టిన చెక్కపెట్టె, పైన ఒక చిన్న కిటికీ. గోడ మీద బొమ్మల్లేవు. బంగారు, దంతపు తాపడాలు చూసి మురిసిపోయేవాళ్ళు ఈ గది ఫోటో కూడా ఒకసారి చూడాలి. ఆ పెద్ద ఇళ్ళలో మంచాలు మోసింది, దీపాల్లో నూనె పోసింది, వెండి తోమింది ఇలాంటి గదుల్లో పడుకున్నవాళ్ళే.

మన దేశంతో, తెలుగు నేలతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ సామాను రూపంలోనే. 1938లో అమెదెయో మైయూరి అనే పురావస్తు శాస్త్రవేత్త పాంపేయిలో ఒక ఇంట్లో పాతిక సెంటీమీటర్లకు అటూఇటూగా ఉన్న దంతపు స్త్రీ బొమ్మను కనుగొన్నాడు. ఒంటి నిండా నగలు, మోచేతుల దాకా గాజులు, కాళ్ళకు బరువైన కడియాలు, పక్కన ఇద్దరు చెలికత్తెలు. పాంపేయి లక్ష్మి అని పేరు పడింది గానీ యక్షి అనడమే సరి అని చాలా మంది అభిప్రాయం. తల పైనుంచి రంధ్రం ఉండటాన్ని బట్టి మొదట అద్దం పిడి అనుకున్నారు. ఇప్పుడు చిన్న బల్లకు కాలు అయి ఉంటుందంటున్నారు. పీఠం అడుగున ప్రాచీన భారతీయ లిపి ఖరోష్ఠి అక్షరం ఉంది. ఇలాంటి దంతపు బొమ్మలే మహారాష్ట్రలోని భోకర్దన్, తేర్‌లలో దొరికాయి. అవి శాతవాహనుల ఏలుబడిలోని ఊళ్ళు. కోటిలింగాల, ధాన్యకటకం ఏలిన శాతవాహనులే.

ఎగుమతి సరుకులో ఇంటి అలంకారానికి పనికొచ్చేవి చాలా ఉండేవి. కేరళ తీరపు రేవు ముజిరిస్ నుంచి వెళ్ళిన హెర్మపోల్లాన్ అనే ఓడ సరుకు వివరం ఒక పపైరస్ (రెల్లు కాగితం) మీద మిగిలింది, అందులో ఏనుగు దంతం ఉంది. మంచాలకు, అల్మారాలకు తాబేటి చిప్ప తాపడం చేయడం కార్విలియస్ పొల్లియో మొదలుపెట్టాడని ప్లినీ అంటాడు. ఆ చిప్ప కూడా హిందూ మహాసముద్రపు సరుకే. మచిలీపట్నం ప్రాంతమని గుర్తించిన మసాలియాలో సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని పెరిప్లస్ అనే ప్రాచీన గ్రీకు సముద్ర వ్యాపార గ్రంథం చెబుతుంది. బదులుగా వచ్చిన డబ్బు మన దగ్గర దొరుకుతోంది: నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. నాగార్జునకొండలో ఒక స్తంభం మీద కొమ్ము పాత్ర పట్టుకున్న మూర్తిని డయోనిసస్‌గా పండితులు గుర్తించారు. డయోనిసస్ అంటే బాకసే. పాంపేయి మంచాలకు ఎవరి పరివారాన్ని ఎక్కించారో, ఆ దేవుడే కృష్ణా తీరం దాకా వచ్చాడు.

ఈ శైలి తర్వాత ఏమైంది?

1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపేయి తవ్వకాలు మొదలయ్యాక యూరప్ అంతా దీని వెంట పడింది. నేపుల్స్ రాజు 1757 నుంచి బొమ్మలతో పెద్ద సంపుటాలు అచ్చువేయించాడు. వాటిని చూసి పారిస్, లండన్ వడ్రంగులు సింహపు కాళ్ళ బల్లలు, వంపు తిరిగిన పడకలు చేశారు. 1800లో ఫ్రెంచ్ చిత్రకారుడు డేవిడ్ గీసిన మదాం రెకామియే చిత్రంలోని పడక ఆ కోవదే.

వీటిని ఎక్కడ చూడొచ్చు?

ఇటలీ వెళ్తే ముందు నేపుల్స్ పురావస్తు మ్యూజియం: కంచు మంచాలు, భోషాణాలు, అలెగ్జాండర్ మొజాయిక్, దంతపు యక్షి అన్నీ అక్కడే. యక్షి ఉన్నది సీక్రెట్ క్యాబినెట్ అనే వేరే గదుల్లో, తెరిచే వేళలు ముందుగా అడిగి తెలుసుకోండి. పాంపేయి, హెర్క్యులేనియంలలో ఒక్కదానికే టైమ్ ఉంటే, చెక్క కోసం హెర్క్యులేనియం వెళ్ళమంటాను. ఊరు చిన్నది, సగం రోజు చాలు. అక్కడి విల్లా ఆఫ్ ద పపైరై తవ్వకంలో 2007లో దంతపు తాపడం ఉన్న ఆసనం ముక్కలు కూడా దొరికాయి. పారిస్ లూవ్‌ర్‌లో బొస్కోరియాలె వెండి పాత్రలు ఉన్నాయి, వాటిలో అస్థిపంజరాలు చెక్కిన కప్పుల జత తప్పక చూడాలి. అమెరికాలో ఉన్నవారికి న్యూయార్క్ మెట్ దగ్గర: బొస్కోరియాలె పడకగది, ఎముక తాపడం మంచం ఒకే మ్యూజియంలో ఉన్నాయి.